ప్రతిపక్ష ఎంపీకి వినతిపత్రం ఇస్తే లాభం ఉంటుందా?

ఉత్తర చెన్నైలోని మీ నివాసుల సంఘం తరఫున మీరు అడిగింది ఇది. మీ పేట మధ్యగా రైలు పట్టాలున్నాయి. గేటు పడిందంటే ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలియదు. బడి పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే ఆటోలు, షిఫ్టు డ్యూటీకి పరుగెత్తేవాళ్లు అందరూ అక్కడే ఇరుక్కుంటారు. పైవంతెన కోసం ఎంపీ గారికి వినతిపత్రం ఇద్దామంటే సంఘంలో సగం మంది "ఆయన ప్రతిపక్షం కదా, ఢిల్లీలో ఆయన మాట ఎవరు చెవినేసుకుంటారు?" అని కొట్టిపారేస్తున్నారు. పనిలో పనిగా మన పిల్లలకు బడిలో తెలుగు చెప్పించే విషయం కూడా అందులోనే కలపవచ్చా అన్నది మీ రెండో ప్రశ్న.

నేను ఢిల్లీలో ప్రతిపక్ష ఎంపీల దగ్గర పార్లమెంటు ప్రశ్నలు తయారుచేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నాను. వినతిపత్రం ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. అయితే ఆయన చేత ఏం చేయించాలో ముందు తేల్చుకుని ఇవ్వండి. ప్రతిపక్ష ఎంపీ మీకు వంతెన మంజూరు చేయలేరు. కానీ ఆ వంతెన గురించి కేంద్ర ప్రభుత్వం చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించగలరు. ఆ జవాబు సభ రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. మీ కాగితంలోని ప్రతి వాక్యం ఆ జవాబు రాబట్టడానికి పనికొచ్చేలా ఉండాలి.

ఇది మీ ఒక్క పేట సమస్య కాదు. 2024లో చెన్నైలోని మూడు లోక్‌సభ స్థానాల్లోనూ డీఎంకే గెలిచింది, కేంద్రంలో అది ప్రతిపక్షం. అంటే చెన్నైలో ఓటున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఢిల్లీలో ఉన్నది ప్రతిపక్ష ఎంపీయే. ఆయన వల్ల కాదని ఊరుకుంటే పార్లమెంటుకు మన తరఫున వెళ్లే దారే మూసుకుపోతుంది.

అధికార పార్టీ ఎంపీకి మంత్రి గదిలోకి సులువుగా వెళ్లే వీలుంటుంది, అది నిజమే. మిగతావన్నీ ఇద్దరికీ సమానం. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, పార్టీ ఏదైనా అంతే. ఎంపీ రాసిన ఉత్తరానికి 15 రోజుల్లో అందినట్టు తెలపాలి, ఆ తర్వాతి 15 రోజుల్లో జవాబివ్వాలి అని కేంద్ర కార్యాలయాలకు ఆదేశాలున్నాయి. అందులో కూడా పార్టీ ప్రస్తావన లేదు. అన్నిటికంటే ముఖ్యం, సభలో ప్రశ్న అడిగే హక్కు. ఏ ప్రశ్న ముందు, ఏది వెనక అన్నది లాటరీ తీసి తేలుస్తారు. లాటరీకి పార్టీ తెలియదు.

ఈ ప్రశ్నల సంగతి కాస్త వివరంగా చెబుతాను, మీకు పనికొచ్చేది ఇదే. లోక్‌సభలో పొద్దున 11 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతుంది. ఒక రోజు జాబితాలో 20 స్టార్ ప్రశ్నలుంటాయి. వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. ఇవిగాక 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలుంటాయి. వాటికి రాతలో జవాబు ఇచ్చి సభ ముందు పెడతారు. టీవీలో కనపడేది మొదటి రకం. మీ గేటు లాంటి పనికి అక్కరకొచ్చేది రెండో రకం. స్టార్ ప్రశ్న లాటరీలో తగలడం కష్టం, తగిలినా గంటలో నాలుగైదు ప్రశ్నలకు మించి జరగడం అరుదు. అన్‌స్టార్డ్ ప్రశ్నను శాఖలో అధికారి కూర్చుని, ఫైలు తిప్పి, డివిజన్ ఆఫీసు నుంచి వివరాలు తెప్పించుకుని రాయాలి. ఇక్కడ చెన్నైలో మీరు ఎన్నిసార్లు తిరిగినా కదలని ఫైలును ఢిల్లీ నుంచి "రేపటిలోగా వివరాలు పంపండి" అని అడుగుతారు. ఆ ఒక్క ఫోన్‌తో ఎంత టెన్షన్ మొదలవుతుందో అవతలివైపు అధికారుల గొంతుల్లో నేను చాలాసార్లు విన్నాను.

సభలో గొడవ జరిగితే అంతా వృథా కదా అని మీవాళ్లు అనవచ్చు. కాదు. ప్రశ్నోత్తరాల సమయం కొట్టుకుపోయినా ఆ రోజు రావలసిన జవాబులు వచ్చేస్తాయి. నోటితో చెప్పవలసినవి కూడా రాతలో సభ ముందు పెడతారు. అసలు దెబ్బ తగిలేది ఎంపీని సస్పెండ్ చేసినప్పుడు. 2023 డిసెంబరు సమావేశాల్లో ఉభయసభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలను సస్పెండ్ చేశారు. అప్పుడు వాళ్ల పేరుమీద ఉన్న ప్రశ్నలను కూడా జాబితాలోంచి తీసేశారు. ఎంపీ తప్పొప్పుల మాట పక్కన పెట్టండి. ఆ ప్రశ్నల వెనక మీలాంటి పేటలెన్నో ఉంటాయి, వాళ్ల నోరు కూడా నొక్కేసినట్టే. ఈ పద్ధతి నాకు ఎంతమాత్రం న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు మీ గేటు సంగతి. మామూలుగా సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో ఇలా ఉంటుంది: "మా ప్రాంత ప్రజలు పడుతున్న నరకయాతన ప్రభుత్వానికి తెలుసా? ఇంత నిర్లక్ష్యం ఎందుకు?" బాధ నిజమే, కానీ ఇది ప్రశ్నగా నిలబడదు. వాదనలు, నిందలు, అభిప్రాయాలు అడగడం ప్రశ్నల్లో ఉండకూడదని లోక్‌సభ నియమాల్లో ఉంది. మొత్తం 150 మాటలు దాటకూడదు. ఒకవేళ సభలోకి వెళ్లినా "లేదు, ఆ ప్రశ్న తలెత్తదు" అని రెండు ముక్కల్లో ముగించేస్తారు. అదే సంగతిని నేనైతే ఇలా రాసేవాణ్ని.

"రైల్వే మంత్రి దయచేసి తెలుపగలరా: (ఎ) చెన్నై డివిజన్‌లోని ఫలానా నంబరు లెవెల్ క్రాసింగ్ దగ్గర రాకపోకల లెక్క చివరిగా ఎప్పుడు తీశారు, ఎంత వచ్చింది? (బి) అక్కడ పైవంతెన గానీ కింది దారి గానీ మంజూరైందా, అయితే ఏ సంవత్సరంలో, ఎంత అంచనాతో? (సి) ఇప్పటివరకు ఏటా ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది? (డి) డ్రాయింగుకు ఆమోదం, భూసేకరణ, రాష్ట్ర ప్రభుత్వ వాటా, వీటిలో ఏది ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి పెండింగులో ఉంది? (ఇ) పూర్తిచేయడానికి గడువు పెట్టారా, లేకపోతే కారణాలేమిటి?"

ఇందులో కోపం లేదు, విశేషణం లేదు. కానీ తప్పించుకునే సందు కూడా తక్కువ. ముఖ్యంగా (డి) చూడండి. ఇలాంటి పనులు చాలావాటిలో రైల్వే, రాష్ట్రం ఖర్చు చెరిసగం పెట్టుకుంటాయి. రైల్వేను అడిగితే రాష్ట్రం భూమి ఇవ్వలేదంటుంది, రాష్ట్రాన్ని అడిగితే రైల్వే డ్రాయింగు తేల్చలేదంటుంది. ఇద్దరి మధ్య పదేళ్లు గడిచిపోతాయి. ఏ కాగితం ఎవరి బల్లమీద ఏ తేదీ నుంచి ఉందో సభలో రాసిచ్చాక ఆ ఆట సాగదు. తప్పు రాష్ట్రానిదని తేలినా మంచిదే. అప్పుడు ఆ జవాబు కాపీ పట్టుకుని మీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి. మీ ఎంపీ గారి పార్టీకి అది ఇబ్బంది కలిగించినా వెనకాడకండి, ఆయన మీ ప్రతినిధి.

"ఫలానా నంబరు" అన్నచోట అసలు నంబరు పెట్టాలి. గేటు గది గోడమీదే రాసి ఉంటుంది, ఫోటో తీసుకోండి. తర్వాత ముఖ్యమైనది రాకపోకల లెక్క. రైల్వే దీన్ని టీవీయూ అంటుంది. రోజుకు వెళ్లే రైళ్లను, గేటు దాటే వాహనాలను గుణిస్తే వచ్చే సంఖ్య. రోజుకు 100 రైళ్లు, వెయ్యి వాహనాలు అయితే లక్ష. ఆటోల వంటి చిన్న బండ్లను పూర్తి బండిగా లెక్కవేయరు. ఖర్చు చెరిసగం పెట్టుకుని వంతెన కట్టడానికి ఎప్పటినుంచో చూసే కొలత ఈ లక్ష. ఉత్తర చెన్నైలో గూడ్సు బళ్లు కూడా తిరిగే గేట్లకు ఇది పెద్ద అడ్డంకి కాకూడదు. మీ కుర్రాళ్లను ఒక మామూలు పనిరోజున వంతులవారీగా కూర్చోబెట్టి తెల్లవారుజాము నుంచి మర్నాటి తెల్లవారుజాము దాకా లెక్క రాయించండి. గేటు పడిన సమయం, లేచిన సమయం కూడా పక్కనే రాయాలి. సంఘం లెటర్‌హెడ్ మీద ఆ పట్టికను జతచేస్తే, ఎంపీ ఆఫీసులో మీ కాగితాన్ని పట్టుకున్నవాడికి పని సగం అయిపోయినట్టే. రోజూ వచ్చే కట్టలకొద్దీ వినతిపత్రాల్లో లెక్కతో వచ్చేవి చాలా తక్కువ. అలాంటిది కనపడితే నేను వెంటనే పక్కన తీసిపెట్టుకునేవాణ్ని.

జవాబు వచ్చాక దాన్ని చదవడం మరో విద్య. రైల్వే నుంచి వచ్చే జవాబుల్లో రెండు వాక్యాలు ఏళ్ల తరబడి మారవు. ఒకటి, ప్రాజెక్టులను రాష్ట్రాలవారీగా, నియోజకవర్గాలవారీగా కాక జోన్లవారీగా మంజూరు చేస్తాం అన్నది. రెండోది, గేట్ల బదులు వంతెనలు కట్టడం నిరంతరం సాగే ప్రక్రియ అన్నది. ఈ రెండే ఉండి మీ గేటు నంబరు ఎక్కడా లేకపోతే మీకు జవాబు రాలేదన్నమాట, తర్వాతి సమావేశాల్లో ఇంకా సూటిగా మళ్లీ అడిగించండి. "మంజూరైంది" అని ఉంటే సంబరపడేముందు డబ్బు చూడండి. బడ్జెట్ తర్వాత రైల్వే విడుదల చేసే పింక్ బుక్‌లో ప్రతి పనికీ ఆ ఏడాది ఎంత పెట్టారో ఉంటుంది. తమిళనాడు కొత్త లైన్లు కొన్నిటికి వెయ్యి రూపాయలు మాత్రమే పెట్టారని మన పత్రికల్లో కూడా వచ్చింది. వెయ్యి రూపాయలు పెట్టడమంటే పనిని జాబితాలోంచి తీసేయలేదు, మొదలుపెట్టే ఉద్దేశమూ లేదు అని. మీ వంతెన పక్కన అలాంటి అంకె కనపడితే తర్వాతి ప్రశ్న దానిమీదే.

మంత్రి జవాబులో "పరిశీలనలో ఉంది", "వివరాలు సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" లాంటి మాటలు వస్తే వాటిని గట్టిగా పట్టుకోండి. సభలో అలా అన్నది హామీ కింద లెక్క. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఇచ్చిన హామీని మామూలుగా మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని కమిటీని అడగాలి. చాలామంది ఎంపీలు ప్రశ్న అడిగి, ఆ క్లిప్ జనానికి పంపి, అక్కడితో వదిలేస్తారు. నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది. మీ సంఘంలో ఒకరికి ఈ బాధ్యత అప్పగించండి. జవాబులన్నీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఎంపీ పేరు మీద వెతికితే దొరుకుతాయి. మూడు నెలలు దాటగానే ఆ జవాబు కాపీతో ఎంపీ ఆఫీసుకు గుర్తుచేయాలి.

జీరో అవర్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ప్రశ్నోత్తరాల తర్వాత అత్యవసర విషయాలు ఒకటి రెండు నిమిషాల్లో ప్రస్తావించే సమయం అది. నియమాల పుస్తకంలో ఆ పేరే లేదు, ఆనవాయితీగా వచ్చింది. నలుగురి దృష్టిలో పడటానికి బాగుంటుంది, పత్రికల్లో వస్తుంది, కానీ మంత్రి అక్కడే జవాబు చెప్పాలన్న నిర్బంధం లేదు. గేటు దగ్గర ప్రమాదం జరిగి ఆ వారంలోనే లేవనెత్తాలంటే జీరో అవర్. ఏళ్లుగా నలుగుతున్న పనికి అయితే 377 నియమం కింద ఇచ్చే ప్రస్తావన నయం. దాన్ని సంబంధిత శాఖకు పంపుతారు, ఎంపీకి రాతలో జవాబు వస్తుంది.

ఇలా అడిగినందువల్ల ఎప్పుడైనా ఏమైనా ఒరిగిందా అని మీవాళ్లు నిలదీస్తారు. విశాఖ ఉక్కు మనకందరికీ తెలిసిందే. 1966లో ఉద్యమం రగిలినప్పుడు ముందు నిలబడిన తెన్నేటి విశ్వనాథం గారు 1967లో స్వతంత్రుడిగా విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో ఉక్కు కర్మాగారం ప్రకటించింది 1970 ఏప్రిల్ 17న. వీధిలో రక్తం చిందింది, సభలో పట్టు విడవలేదు, రెండూ కలిస్తేనే వచ్చింది. మన కాలంలో అయితే డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ ప్రవేశపెట్టిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. ప్రైవేటు సభ్యుడి బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టిన బిల్లు, ఒక సభలో గట్టెక్కడం అంతకుముందు కొన్ని దశాబ్దాలుగా జరగలేదు, అది కూడా ప్రతిపక్ష సభ్యుడిది. లోక్‌సభలో అది చట్టం కాలేదు. కానీ ప్రభుత్వం తానే ఒక బిల్లు తేక తప్పలేదు, 2019లో చట్టం వచ్చింది.

చెన్నై మెట్రో రెండో దశ మన కళ్లముందు జరిగింది. 118.9 కిలోమీటర్లు, 63,246 కోట్ల పని. రాష్ట్ర రంగ ప్రాజెక్టుగా నడుస్తూ ఉండగా, కేంద్ర వాటా ఏదని తమిళనాడు ఎంపీలు సభలో అడుగుతూనే ఉన్నారు. 2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. కేవలం ఎంపీల ప్రశ్నలవల్లే వచ్చిందని నేననను, రాష్ట్ర ప్రభుత్వం కూడా గట్టిగా పట్టుబట్టింది. అయినా విషయం చల్లారిపోకుండా చూడటంలో ఆ ప్రశ్నల పాత్ర ఉంది.

ఇక తెలుగు చదువు సంగతి. దయచేసి దీన్ని గేటుతో ఒకే కాగితంలో కలపకండి. శాఖలు వేరు, ఒకదాని కోసం రాసింది రెండోదాన్ని మింగేస్తుంది. పైగా బడిలో ఏ భాష చెప్పాలన్నది రాష్ట్రం చేతిలో ఉన్న విషయం, తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టమూ రాష్ట్రానిదే. అలాగే అడిగితే "కేంద్రానికి సంబంధం లేదు" అని ప్రశ్నను పక్కన పెట్టేస్తారు. చెత్త, మంచినీళ్లు, వాననీటి కాలవల విషయంలోనూ అంతే, వాటికి కౌన్సిలర్, ఎమ్మెల్యే దగ్గరికే వెళ్లాలి. అయితే తెలుగు విషయంలో కేంద్రాన్ని అడిగే దారి ఒకటుంది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణ భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాట్లు చేయమంటుంది, అందుకోసం రాష్ట్రాలకు ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్రపతికి ఇస్తుంది. 350బి కింద ఇందుకోసం ఒక కమిషనర్ పదవి ఉంది. ఆ కమిషనర్ నివేదికలు పార్లమెంటు ముందుకు రావాలి. కాబట్టి మైనారిటీ వ్యవహారాల శాఖను అడగవలసింది: చివరి నివేదిక ఎప్పుడు సభ ముందు పెట్టారు, తమిళనాడులో తెలుగు బోధించే బడుల గురించి అందులో ఏముంది, తెలుగు పాఠ్యపుస్తకాలు, టీచర్ల ఖాళీల గురించి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఏం చర్య తీసుకున్నారు? ఇలా అడిగితే ఇది రాష్ట్ర విషయమని పక్కన పెట్టడం కష్టం.

తమిళ ఎంపీ తెలుగు కోసం నోరు విప్పుతారా అన్న సంశయం పెట్టుకోకండి. 2024 జూన్‌లో కృష్ణగిరి కాంగ్రెస్ ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులోనే ప్రమాణం చేశారు, ఆయనా ప్రతిపక్షమే. సభలో తెలుగులో మాట్లాడినా అనువదించే ఏర్పాటు ఉంది. మీ ఎంపీ గారు ఏ భాషలో అడిగినా, వెనక ఎన్ని కుటుంబాలున్నాయో మీరు చూపించాలి. ఏ బడిలో తెలుగు తరగతులు ఎప్పుడు ఆగాయి, ఎంతమంది పిల్లలు వేరే మీడియంకు మారారు అన్నది బడి పేరుతో సహా రాసివ్వండి.

చివరగా, ఎప్పుడు, ఎలా ఇవ్వాలి. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ఒక్కో శాఖకు వారంలో ఒక రోజే కేటాయిస్తారు. అంటే సమావేశాలు మొదలయ్యాక వినతిపత్రం పట్టుకెళితే ఆలస్యమైపోతుంది. సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే వెళ్లండి. శాలువా, ఫోటో ఎంపీ గారితోనే కానివ్వండి, కానీ కాగితం మాత్రం ప్రశ్నల పని చూసే సహాయకుడి చేతిలో పెట్టండి. ఆయన పేరు, ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. ఒక పేజీలో విషయం, రెండో పేజీలో లెక్కల పట్టిక, ఆ వెనక ఇదివరకు రైల్వేకు, కార్పొరేషన్‌కు మీరు పెట్టుకున్న అర్జీల కాపీలు తేదీల వరుసలో ఉండాలి. సభలోకి వెళ్లేది ఇంగ్లీషులోనో హిందీలోనో కాబట్టి, ప్రశ్న ముసాయిదాను కూడా ఇంగ్లీషులో రాసి జతచేయండి. పైన రాసిందాన్నే ఇంగ్లీషులోకి మార్చి వాడుకోవచ్చు. సంతకాలు ఎన్ని ఉంటే అంత మంచిది. పట్టాలకు రెండువైపులా ఉన్న తమిళ, ఉర్దూ కుటుంబాల చేత కూడా పెట్టించండి, గేటు దగ్గర ఆగేది అందరూ కదా. అదే కాగితం కాపీ ఒకటి దక్షిణ రైల్వే చెన్నై డివిజన్ మేనేజర్‌కు స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు కూడా దాచండి. వివరాలు పంపమని ఢిల్లీ నుంచి అడిగినప్పుడు, అలాంటి ఫిర్యాదే మాకు అందలేదని అక్కడివాళ్లు అనడానికి వీలుండదు.